వాడు, మనవాడు

అమెరికాలో మా ఊరు నోవై. ఇక్కడి తెలుగు సంఘం ఏటా ఒక సంచిక వేస్తుంది. ఈసారి దానికి నేను టర్కీ నవలాకారుడొకాయన మీద వ్యాసం ఇచ్చాను. నవలల మీద కాదు, ఆయన గురించి వాళ్ల దేశపు పత్రికలు రాసిన తీరు మీద. నాకు టర్కిష్ ఒక్క ముక్క రాదు. ఆఫీసులో నా పక్క సీటావిడది ఇస్తాంబుల్. లంచ్ టైములో పాత వార్తలు వెతికి ఆవిడ ఇంగ్లీషులో చెప్పేది, నేను తెలుగులో రాసుకునేదాన్ని.

చిక్కు మొదటి వాక్యంలోనే వచ్చింది. వాళ్ల భాషలో అతను, ఆమె, అది అన్నిటికీ ఒకటే మాటట. మనకేమో వాడా, అతనా, ఆయనా అన్నది తేల్చుకోందే వాక్యం కదలదు. అందుకని ప్రతి వార్తకూ, రాసినవాళ్ల గొంతు ఎలా ఉందని ఆవిణ్ణి అడిగేదాన్ని. సొంత దేశం గతం గురించి విదేశీ పత్రికతో మాట్లాడాడని మండిపడ్డ వార్తలో "వాడు" అని రాశాను. పెద్ద బహుమతి వచ్చిందని మురిసిపోయిన వార్తలో "మనవాడు" అని రాశాను. మనిషి ఒక్కడే.

సంచిక సంపాదకులు పెద్దాయన, రిటైరైన ఇంజనీరు. లైబ్రరీ గదిలో కమిటీ మీటింగ్ మొదలవగానే నా వ్యాసం పక్కన పెట్టేశారు.

"ఎక్కడో టర్కీ వాళ్ల గొడవ మనకెందుకమ్మా? స్పేస్ కూడా లేదు."

నాకు ఒళ్లు మండింది. మూడు నెలల లంచ్‌లు దానికే ధారపోశాను. ఇంతలో ఎవరో, పోయినేడు కవర్ మీద వేసిన తెలుగు ప్రొఫెసర్‌ని ఈసారి కూడా ఏదైనా రాయమందామా అన్నారు. మన సంఘాల్లో కులం పట్టింపు గురించి ఆయన ఈమధ్యే ఒక అమెరికన్ పేపర్లో రాశాడు.

"వాడి పేరెత్తకండి," అన్నారు సంపాదకులు. "బయటివాళ్ల ముందు మన పరువు తీశాడు వాడు."

నేను లేచి, బీరువాలోంచి పోయినేటి సంచిక తెచ్చి ఆయన ముందు పెట్టాను. కవర్ మీద ప్రొఫెసర్ ఫొటో, కింద లావాటి అక్షరాల్లో "మనవాడు!"

"అన్నయ్యగారూ, ఈ హెడ్డింగ్ మీరే పెట్టారు. ఇందులో 'మన' ఎప్పుడు డిలీట్ చేశారండీ?"

గది గొల్లుమంది. ఆయన నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని, అందరం చూస్తుండగా నా వ్యాసం మొదటినుంచి చివరిదాకా చదివారు.

"దీన్ని మొదటి పేజీలో వేద్దాం. కామా కూడా తీయొద్దు," అన్నారు.

నాకు బల్లెక్కి గంతులెయ్యాలనిపించింది. ఇంకా పూర్తిగా గెలవలేదని అప్పటికి తెలీదు. ఆయన ఫోన్ తీసి కాసేపు వెతుక్కుని, తలెత్తారు.

"ఆ ప్రొఫెసర్ నంబరు ఎవరి దగ్గరైనా ఉందా? ఆయనతో నేనే మాట్లాడతాను."