దోసిట్లో నీళ్ళు

మార్తమ్మ గారికి కోపం వస్తే గొంతు పైకి లేవదు, కిందికి దిగుతుంది. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. రాజోలు చుట్టుపక్కల ఊళ్ళలో ముప్ఫై ఆరేళ్ళు పాఠాలు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. ఒకసారి బడికి పురుగులు పట్టిన బియ్యం వస్తే, ఆ బస్తా మీదే కుర్చీ మీద కూర్చున్నట్టు కూర్చుని, పైఅధికారి వచ్చి కళ్ళారా చూసేదాకా లేవలేదు. గట్టిగా ఒక్క మాటా అనలేదు. వచ్చినాయన మాత్రం చెమటలు తుడుచుకుంటూ వెళ్ళాడు.

భర్త జోజి గారిది వేరే తీరు. బస్సు కండక్టరుగా అమలాపురం నుంచి రాజమండ్రికీ, రాజమండ్రి నుంచి అమలాపురానికీ ఇరవై ఎనిమిదేళ్ళు తిరిగిన మనిషి. అందరితోనూ నవ్వుతూ సర్దుకుపోవడం ఆయనకి అలవాటు. ఆయన తండ్రి చర్చిలో ఉపదేశిగా పనిచేసేవాడు. ఆ ఇంట్లో పుట్టినప్పటి నుంచీ కుర్చీలూ, బల్లా, పుస్తకాలూ ఉన్నాయి. మార్తమ్మ పుట్టిన ఇంట్లో అవేవీ లేవు. పెళ్ళయి నలభై ఏళ్ళయినా ఆవిడ తన చిన్నతనం గురించి పెద్దగా మాట్లాడేది కాదు, ఆయనా తరచి అడగలేదు.

నలభయ్యో పెళ్ళిరోజుకి, కాకినాడలో లెక్చరరుగా ఉన్న కూతురు శారోన్ ఇద్దరికీ ఫోన్లో టిక్కెట్లు పంపింది. రాజమండ్రి దాటాక హైవే పక్కన కొత్తగా పెట్టిన పార్కుకి. "మీరిద్దరూ కలిసి పెళ్ళిళ్ళకీ, చావులకీ తప్ప ఎక్కడికీ వెళ్ళలేదమ్మా. ఒక్కరోజు సరదాగా తిరిగి రండి" అంది.

గేటు దగ్గరే మొదటి కోపం వచ్చింది. మార్తమ్మ తెల్లవారకముందే లేచి చేసిన పులిహోర క్యారేజీని సెక్యూరిటీ మనిషి పక్కకి తీశాడు.

"బయటి ఫుడ్డు లోపలికి పంపమండి."

"ఎందుకు పంపరు? ఇందులో ఏమైనా బాంబుందా?"

"రూల్సండి."

"పోనీలే మార్తా, బయటికొచ్చేక తిందాం" అని జోజి గారు క్యారేజీకి టోకెన్ తీసుకుని జేబులో వేసుకున్నారు.

లోపలికి వెళ్ళాక ఆయన చిన్నపిల్లాడైపోయారు. జెయింట్ వీల్ ఎక్కించారు. పైకి వెళ్ళేసరికి ఆయనే కళ్ళు మూసుకుని "యేసయ్యా, యేసయ్యా" అని అరిచారు. దిగగానే అటూ ఇటూ ఊగే పెద్ద పడవ ఎక్కుతానని పట్టుబట్టి, ఎక్కి, దిగి, పది నిమిషాలు బెంచీ మీద తల పట్టుకుని కూర్చున్నారు. అది చూసి మార్తమ్మ నవ్వింది. ఆ రోజు ఆవిడ మనసారా నవ్వింది ఆ ఒక్కసారే.

మధ్యాహ్నం ఎండ ఎక్కువయ్యింది. నీడ ఉంటుందని 'మన పాత పల్లె' అని రాసి ఉన్న వైపు నడిచారు. అంతా సిమెంటు బొమ్మలు. కుమ్మరి సారె తిప్పుతున్నాడు. ఒకావిడ కవ్వంతో మజ్జిగ చిలుకుతోంది. చేలో నాట్లు వేస్తున్నారు. జోజి గారు ఒక్కొక్కటీ చూసి "అచ్చం అలాగే చేసేరే" అని మెచ్చుకుంటూ నడుస్తున్నారు. చివర్లో ఒక పెంకుటిల్లు, దానికి ఎత్తరుగు. అరుగు మీద పట్టుచీర కట్టుకున్న ఆవిడ నిలబడి చెంబు వంచుతోంది. అరుగు కింద గోచీ పెట్టుకున్న ఒక మనిషి గొంతుకూర్చుని, మొహం పైకెత్తి, దోసిలి పట్టాడు. చెంబులోంచి దోసిట్లోకి నిజం నీళ్ళే పడుతున్నాయి, లోపల మోటారు పెట్టినట్టున్నారు. పక్కన బోర్డు మీద రంగురంగుల అక్షరాలు: 'ఆనాటి ఆప్యాయత. పనివాడి దాహం తీర్చే అమ్మగారు.'

ఆ బొమ్మ ముందు జనం మూగి ఉన్నారు. ఫోటోల కోసం. ఒక కుర్రాడు ఆ మనిషి పక్కనే గొంతుకూర్చుని దోసిలి పట్టి, "అమ్మగారండీ, దాహం వేస్తాందండీ, ఆయ్!" అని వంకరగొంతుతో అన్నాడు. అతని భార్య నవ్వుతూ పైనుంచి సీసాలో నీళ్ళు పోసింది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. తరవాతివాళ్ళు వరసలో తయారుగా ఉన్నారు.

మార్తమ్మ బోర్డు ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. అక్కడ పరికిణీ, ఓణీ కట్టుకుని, వచ్చినవాళ్ళకి దారి చూపించే అమ్మాయి ఒకతె ఉంది. పేరు తులసి అని ఓణీకి చీటీ గుచ్చి ఉంది.

"ఇది ఎవరు రాసేరమ్మా?"

"తెలీదండీ. మేం చేరేటప్పటికే ఉందండి."

"పై ఆఫీసరెవరో వాళ్ళని పిలు."

గొంతు బాగా కిందికి దిగింది. తులసికి ఆవిడ సంగతి తెలియదు గానీ, ఎందుకో గబగబా ఫోను తీసింది.

జోజి గారికి మాత్రం తెలుసు. దగ్గరికొచ్చి మెల్లిగా అన్నారు. "ఏమయ్యిందే? బొమ్మే కదా. వచ్చింది సరదాకి. పోనియ్యి."

మార్తమ్మ ఆయన వైపు తిరిగింది. "పోనియ్యి, పోనియ్యి. పొద్దుట్నించీ అదే మాట. నలభై ఏళ్ళ నించీ అదే మాట. ఆ కూర్చున్నది ఎవరనుకున్నారు? మా నాన్న."

జోజి గారికి ఏమీ అర్థం కాలేదు. ఆవిడ అక్కడే, ఎండలోనే, నిలబడి చెప్పింది.

తండ్రి నూకయ్య పాలేరుగా పనిచేసేవాడు. తనకి ఏడేళ్ళప్పుడు, కుప్పనూర్పుల రోజుల్లో, తండ్రికి అన్నం పట్టుకుని కామందు గారి ఇంటికి వెళ్ళింది మార్తమ్మ. పొద్దుటి నుంచీ ధాన్యం బస్తాలు మోసిన మనిషి అరుగు కింద గొంతుకూర్చుని దోసిలి పట్టాడు. పైనుంచి చెంబుతో పోశారు. చెంబు చేతికి తగలకూడదు, అందుకే అంత ఎత్తు నుంచి. సగం నీళ్ళు మోచేతుల మీదుగా కారి మట్టిలో కలిసిపోయాయి. ఇంకొంచెం పొయ్యమని అడగలేదు.

"నాక్కూడా దాహం వేసింది. నేను మెట్టెక్కేను. 'దిగు' అని ఒకటే కేక. మా నాన్న పరుగున వచ్చి నన్ను లాగేసి, నా కాలు పడ్డ మెట్టుని తువ్వాలుతో తుడిచేడు. తలకి చుట్టుకునే తువ్వాలుతో. ఇంటికెళ్తూ దారిలో 'ఎందుకు తుడిచేవు నాన్నా' అని అడిగేను. చెంప మీద కొట్టేడు. జన్మలో నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. ఆ దెబ్బకి పదేళ్ళు ఆయన మీద కోపం పెట్టుకున్నాను. హాస్టలు నించి సెలవులకొచ్చి కూడా సరిగ్గా మాట్లాడేదాన్ని కాదు. కోపం ఎవరి మీద రావాలో నాకు తెలిసేటప్పటికి మా నాన్న లేడు."

"నాకెప్పుడూ చెప్పలేదే" అన్నారు జోజి గారు.

"చెప్పుకునే సంగతా అది?"

ఇంతలో మేనేజరు ఆనందరావు వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మర్యాదైన నవ్వు.

"చెప్పండి మేడం గారూ. ఏదైనా ఇబ్బందాండి?"

"ఆ బొమ్మలో ఆయన చెంబు చేత్తో పుచ్చుకుని తాగొచ్చు కదా. ఎందుకు తాగట్లేదు?"

"అంటే... పాతకాలం పద్ధతండి."

"ముట్టుకుంటే చావగొట్టేవారు. అదండీ పద్ధతి. దాన్ని ఆప్యాయత అని రాసేరు మీరు."

"ఆయ్, మీ ఫీలింగ్ అర్థమయ్యిందండి. కానీ రెండేళ్ళ నించీ ఉందండి ఇది. ఎవరూ ఏమీ అనలేదండి. అందరూ ఇష్టంగా ఫోటోలు తీసుకుంటున్నారు. మీరే కొంచెం సీరియస్‌గా..."

"రెండేళ్ళు ఎవరూ అన్లేదు. ఈరోజు నేనంటున్నాను. ముందు ఆ నీళ్ళు ఆపించండి."

"అది నా చేతుల్లో లేదండి. డిజైన్ చేసినవాళ్ళు వేరండి. మీరు వెళ్ళి చల్లగా జ్యూస్ తాగండి, మా తరఫున..."

జ్యూస్ అన్న మాటకి మార్తమ్మ మొహం నల్లబడింది. ఏమనేదో గానీ, ఈలోగా బొమ్మ పక్కన ఇంకొకతను గొంతుకూర్చుని దోసిలి పట్టాడు. అతని స్నేహితులు ఫోన్లు ఎత్తారు.

అప్పుడు జోజి గారు కదిలారు. నేరుగా వెళ్ళి ఆ బొమ్మకీ, ఫోన్లకీ మధ్య నిలబడ్డారు. కిక్కిరిసిన బస్సులో ఇరవై ఎనిమిదేళ్ళు వాడిన గొంతు తీశారు.

"జరగండి, జరగండి! ఇక్కడ ఫోటోలు లేవు. లేవయ్యా బాబూ, నిన్నే. ముందుకి నడవండి! ముందు ఖాళీగా ఉంది, నడవండి!"

ఆ గొంతుకి జనం అలవాటుపడినవాళ్ళలాగే కదిలారు. కూర్చున్నతను బట్టలు దులుపుకుని లేచాడు. "ఏంటి తాతగారూ, మీదా ఏంటి పార్కు?" అన్నాడు.

"పార్కు నాది కాదు. ఆ కూర్చున్నాయన మా మావగారు" అన్నారు జోజి గారు. అంత కోపం ఆయన మొహంలో మార్తమ్మ ఎప్పుడూ చూడలేదు.

అతను బొమ్మని చూశాడు, ఆయన్ని చూశాడు. ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు. వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. ఒకాయన దూరం నుంచి "ప్రతిదాన్నీ కులంలోకి లాగుతారు వీళ్ళు" అన్నాడు. మార్తమ్మ వినిపించుకుంది. "లాగింది మేం కాదండీ. సిమెంటుతో కట్టి మోటారు పెట్టింది ఎవరో వాళ్ళనడగండి" అంది. ఆయన తల తిప్పుకున్నాడు.

గంటన్నర నిలబడ్డారు ఇద్దరూ. జోజి గారు వచ్చినవాళ్ళని వచ్చినట్టు ముందుకి నడిపిస్తూనే ఉన్నారు. ఆనందరావు రెండు మూడు ఫోన్లు చేసి, చివరికి మోటారు ఆపించి, బోర్డు మీద ఒక టార్పాలిన్ పట్టా కప్పించాడు. ఫిర్యాదుల రిజిస్టరు తెచ్చి ఇచ్చాడు. మార్తమ్మ అరుగు మెట్టు మీద కూర్చుని రెండు పేజీలు నింపింది. నల్లబల్ల మీద రాసినట్టే గుండ్రంగా రాసింది. 'బొమ్మను తీసేయవద్దు. బోర్డు మార్చండి. ఈ మనిషి ఆ ఇంటి పొలం దున్నాడు, ఆ ఇంటి ధాన్యం మోశాడు, కానీ ఆ ఇంటి చెంబు ఇతన్ని ముట్టుకోనివ్వలేదు అని రాయండి. పిల్లలకి తెలియాలి.' కింద తన పేరు, తండ్రి పేరు, ఊరు పేరు రాసి సంతకం పెట్టింది.

తిరుగు బస్సులో రావులపాలెం దగ్గర జోజి గారు, "ఆయన మొహం ఎలా ఉండేదే? ఫోటో ఒక్కటీ లేదు కదా" అన్నారు. మార్తమ్మ కిటికీలోంచి చూస్తూ "నాలాగే" అంది.

మూడు వారాలకి ఆనందరావు ఫోన్ చేశాడు. గొంతులో మంచి వార్త చెప్పేవాడి ఉత్సాహం ఉంది.

"మేడం గారూ, మీరడిగినట్టే బొమ్మలు మొత్తం తీయించేసేమండి. ఆ ప్లేసులో పూలతో ఉయ్యాల పెట్టేమండి. అందరూ హ్యాపీ."

"నేను తీసెయ్యమని రాసేనా?"

"అంటే... గొడవెందుకని మావాళ్ళు..."

"నేను రాసింది చదివేరా, లేదా?"

"ఆ పేజీలు ఫోటో తీసి పై వాళ్ళకి పంపేనండి" అన్నాడు.

"అబద్ధం రాసిపెట్టినన్నాళ్ళు ఉంచేరు. నిజం రాయమనేసరికి మనిషినే లేపేసేరు. అంతేగా?" అని మార్తమ్మ ఫోన్ పెట్టేసింది. ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం కూర్చుని, పార్కు యజమానుల చిరునామాకి ఉత్తరం రాసింది. జోజి గారు స్వయంగా వెళ్ళి రిజిస్టరు పోస్టు చేసి వచ్చారు. జవాబు రాలేదు. రెండోది రాసింది. దానికీ రాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక శారోన్ వచ్చింది. భోజనాల దగ్గర జోజి గారు జరిగిందంతా చెప్పారు. టిక్కెట్లు పంపింది తనే కాబట్టి కూతురు బాధపడుతుందని మార్తమ్మ అనుకుంది. శారోన్‌కి వచ్చింది బాధ కాదు. కంచం పక్కకి జరిపింది.

"నాకు ముప్ఫై ఏడేళ్ళమ్మా. తాతగారు అంటే జ్వరమొచ్చి పోయేరని ఒక్కటే తెలుసు నాకు. పార్కులో ముక్కూమొహం తెలియనివాళ్ళకి చెప్పేవు, రిజిస్టర్లో రాసేవు. నాకు చెప్పవా?"

"చిన్నపిల్లవి, ఎందుకని..."

"చిన్నపిల్లనా? కాలేజీలో నా ఎదురుగుండానే ఎన్ని మాటలంటారో తెలుసా నీకు? ఎవరికీ ఏమీ చెప్పలేక ఇంటికొచ్చి తలుపేసుకున్న రోజులున్నాయి. మా ఇంట్లో ఎప్పుడూ ఇలాంటివి లేవు, నాకే ఎందుకిలా అనుకునేదాన్ని." శారోన్ గొంతు కూడా పైకి లేవలేదు. బాగా కిందికి దిగింది.

మార్తమ్మ జీవితంలో మొదటిసారి ఒకరి కోపం ముందు తలవంచుకుంది. చెయ్యి కడుక్కుని వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"మా నాన్న పేరు నూకయ్య" అని మొదలుపెట్టింది. "చాలా పొడుగు మనిషి. చేపల పులుసంటే ప్రాణం పెట్టేవాడు. నవ్వితే వీధి చివరిదాకా వినిపించేది."

జోజి గారు కంచాలు తీసి పక్కన పెట్టి, తనూ వచ్చి కూర్చున్నారు.