మా అత్తకు జబ్బు పెట్టమన్నారు

కథలు రాసేవాళ్లు రోజూ తెల్లవారుజామున లేచి రాయాలట. పాలు తాగే పిల్ల ఉన్న ఇంట్లో తెల్లవారుజాము ఎవరి చేతిలో ఉంటుందో ఆ సలహా ఇచ్చినాయనకు తెలియదు. దాన్ని ఆ రోజే వదిలేశాను. చిన్న వాక్యాలు రాయమన్నారు. అది పాటిస్తున్నాను, పిల్ల లేచేలోగా ఒకటైనా పూర్తవుతుంది. నా కోపం వీటి మీద కాదు.

మాది ఉద్దానం. చుట్టాలు మా ఊరొస్తే నీళ్ల సీసా వెంట తెచ్చుకుంటారు. మా నీళ్లు తాగితే కిడ్నీలు పోతాయని భయం. మొన్న మా మామగారికి అన్న వరసయ్యే ఆయన వచ్చాడు. అత్త ఇచ్చిన గ్లాసు పక్కకు జరిపి, సంచిలోంచి సీసా తీశాడు. పళ్లెంలో జీడిపప్పు మాత్రం గుప్పిళ్లతో నోట్లో వేసుకుంటున్నాడు. అత్త నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏటి బావా, మా నీల్లు సేదు గానీ మా జీడిపప్పు తీపేటి? ఆ సెట్టు ఏ నీల్లు తాగి కాసిందనుకుంటన్నావు?"

ఆయనకు పొలమారింది. సీసా మూత రాక అత్త గ్లాసే ఎత్తి గటగటా తాగేశాడు.

అదే కథగా రాసి టెక్కలిలో రచయితల సమావేశంలో చదివాను. అందరూ నవ్వారు. పెద్ద రచయిత ఒకాయన మాత్రం, "బాగుందమ్మా. కానీ ఉద్దానం కథంటే కన్నీళ్లు రావాలి. చివర్లో మీ అత్తకు కిడ్నీ జబ్బు పెట్టు. పత్రిక వాళ్లకు నేను చెబుతాను" అన్నారు.

జబ్బు పెట్టాలట! కూరలో ఉప్పు వెయ్యమన్నంత తేలిగ్గా అన్నారు.

ఈమధ్య సాయంత్రమయ్యేసరికి అత్త పాదాలు ఉబ్బుతున్నాయి. పలాస వెళ్లి కిడ్నీ పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చింది. రిపోర్టు ఇంకా రాలేదు. పిల్లకు పాలిస్తూ కూడా నేను ఆవిడ పాదాలే చూస్తున్నాను. అలాంటి మనిషికి నా చేత్తో ఆ జబ్బు రాయాలా? తథాస్తు దేవతలు ఉన్నారో లేదో, నాకు భయం ఉంది. ఆ భయం ఆయన అడిగిన కథకు సరుకు కాదు.

రాసింది ఎవరికైనా వినిపించమనే సలహా ఒకటి మిగిలింది. జీడిపప్పు పొట్టు తీస్తున్న అత్తకే చదివాను. ఆయన అన్నదీ చెప్పాను.

"నాకు జబ్బొత్తే నానే సెప్తాను. ఆయనకేటే అంత తొందర?" అంది. తరవాత మొహం చిట్లించి, "ఆ గలాసు తాగీసాక మల్లీ నీల్లడిగినాడు గదే? అది రాయలేదేటి?" అంది.

ఆ వాక్యం చేర్చి, ఎవరి సిఫారసూ అడగకుండా కథ పత్రికకు పంపేశాను. రిపోర్టు సోమవారం ఇస్తామన్నారు. అందులో ఏముందని తేలినా కథలో ఒక్క అక్షరం మార్చను.