సారు రాసిన ‘లేట్’

మా న్యూస్ ఎడిటర్ సారు పోయారని మంగళవారం పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నేరేడ్‌మెట్‌లో వాళ్లింటికి నేను చేరేసరికి సారును తీసుకుపోవడానికి అంతా సిద్ధం చేశారు. ఆలస్యంగా వెళ్లాను. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి కాసేపు నిలబడ్డాను. లోపలి నుంచి ఒక మాట వినిపించాలి. వినిపించలేదు. ఆ మాట సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. సికింద్రాబాద్‌లో ఒక సాయంత్రం పత్రికలో సీసపు అక్షరాలు ఏరి పేర్చే కంపోజిటర్ పని చేశాను. తెలుగు చదవడం అక్కడే పట్టుబడింది, అదీ తిరగేసిన అక్షరాలతో. ఇంగ్లీషు ముక్కలు నాలుగైదు వచ్చు. కానీ ఆ హాల్లో నా అంత వేగంగా పేర్చేవాడు ఇంకొకడు లేడు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట.

సారు గుంటూరు వైపు మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ ఎర్ర పెన్సిలు. సగం విరిచిన బ్లేడుతో దాన్ని చెక్కుతూనే వార్త వినేవారు. టీ సాసర్లో పోసుకుని, చల్లారేదాకా మర్చిపోయేవారు. “చదివేవాడికి వార్త కనపడాలయ్యా, మనం కాదు” అనేవారు.

ఆఖరి నిమిషంలో వచ్చిన వార్త అయితే, కాగితం పైన ఆ ఎర్ర పెన్సిలుతో ఇంగ్లీషులో ‘లేట్’ అని రాసేవారు. ప్రూఫు కోసం ఆగకుండా చివరి పేజీ అడుగున పెట్టెయ్యమని దానర్థం. అలాంటి కాగితాలు ఫోర్‌మన్ చేతికే పోయేవి. ఆయన సెలవు పెట్టిన రోజు ఒకటి నా చేతికొచ్చింది.

ఎర్రటి ‘లేట్’ సరిగ్గా ఒక సేటు పేరు నెత్తి మీద ఉంది. పెళ్లి కార్డుల్లో పోయినవాళ్ల పేర్ల ముందు ఆ మాట చూసీ చూసీ ఉన్నాను. తెలుగు వార్తలో ఇంగ్లీషు ఎందుకని, నా తెలివి వాడి, ‘కీర్తిశేషులైన’ అని లావు అక్షరాల్లో పేర్చాను. కీర్తిశేషులైన సేటు గారు మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డల వర్తకుల సంఘానికి అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారని పత్రికలో వచ్చింది.

మర్నాడు సేటు పత్రిక చుట్ట చుట్టి పట్టుకుని వచ్చాడు.

“ఏందయ్యా, సచ్చినంక సంఘం నడపాల్నా నేను? మా బామ్మర్దులు దండలు పట్టుకొని వచ్చిన్రు. అవి సన్మానం దండలో, సావు దండలో వాళ్లకే సమజైతలేదు!”

హాలంతా నవ్వింది. ఓనరు మాత్రం నవ్వలేదు. “ఎవడు చేసిండు గిది? ఇయ్యాల్నే ఇంటికి పంపిస్తా” అన్నాడు. నా పని పోయినట్టే. ఎవరికీ తగ్గని నేను ఆ రోజు అక్షరాల పెట్టెల వెనక్కి జరిగాను.

సారు లేచి నిలబడ్డారు. “నేనే రాశానండి. ఇదిగో కాగితం, నా చేతిరాతే.”

అబద్ధం కాదు. నిజమూ కాదు. అందరి ముందూ ఆయనే తిట్లు తిన్నారు. సేటు గారు క్షేమంగా ఉన్నారని సవరణ ఆయనే రాశారు.

నేను సారు బల్ల దగ్గరికి వెళ్లాను, క్షమించమనడానికి కాదు, వాదించడానికి. “లేట్ అంటే సచ్చినోడనే గద సార్. మా గల్లీల ఎవరినైనా అడుగుండ్రి.”

సారు పకపకా నవ్వారు. “నిజమేనయ్యా. నీకు అర్థమయ్యేట్టు రాయకపోవడం నాదే తప్పు.”

ఆ రోజు నుంచి ఆయన కాగితం మీద ‘ఆలస్యం’ అని తెలుగులో రాసేవారు. కానీ నేను పనికి పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, “కీర్తిశేషులు వచ్చారా!” అని హాలంతా వినపడేట్టు పిలిచేవారు. పత్రిక మూతపడ్డాక, నెలకోసారి నేరేడ్‌మెట్ వెళ్లినప్పుడూ గుమ్మంలో అదే పిలుపు. “ఇంకా బతికే ఉన్న సార్” అనేవాణ్ణి. తప్పు నాది అని మాత్రం ఎన్నడూ అనలేదు. అనకపోయినా ఆయనకు తెలుసులే అనుకున్నాను.

మొన్న వాళ్లమ్మాయి పన్నెండో రోజు కార్డు ప్రూఫు పట్టుకుని మా ఇంటికొచ్చింది. సారు ఎర్ర పెన్సిలు కూడా తెచ్చింది.

“తప్పులుంటే జెర చూడండి బాబాయ్. నాన్న ఉంటే ఆయనే చూసేవారు.”

అప్పుడు చెప్పాను. “బిడ్డా, ఆ సేటు ముచ్చట్ల తప్పు మీ నాయినది కాదు. నాది.”

ఆమె నా ముఖం చూసింది. “అదేంటి బాబాయ్? మాకు ఎన్నిసార్లు చెప్పారో! ప్రతిసారీ తన తప్పే అన్నారు. మీ పేరే ఎత్తలేదు.”

ఇంట్లో కూడా నన్ను కాపాడారు. అందుకే నలుగురు చదివే చోట రాస్తున్నాను. తప్పు నాది సార్.

కార్డు చూశాను. ఒక దీర్ఘం ఎగిరిపోయింది, పెట్టాను. ఒక ఒత్తు తప్పు పడింది, దిద్దాను. తర్వాత మళ్లీ మొదటికొచ్చాను. సారు పేరు ముందు ‘కీర్తిశేషులు’ అని ఉంది. అక్షరం అక్షరం చూశాను. ఎర్ర పెన్సిలు దాని మీదే చాలాసేపు ఆగిపోయింది. కొట్టెయ్యడానికి అందులో తప్పేమీ లేదు.