హెల్లిబెక్‌ల హకారం

1987 మార్చి 14, శనివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు తలుపు తట్టిన మనిషి తన పేరు రోలండ్ హెల్లిబెక్ అన్నాడు.

థర్జా హెల్లిబెక్ తలుపు సగమే తెరిచింది. అరవై ఒక్కేళ్ల ఆమెకు తెలిసినంతలో ఆ ఇంటిపేరు గలవాళ్లు ఇంగ్లండులో ఇంకెవరూ లేరు. బడి ప్రయోగశాలలో ముప్పై నాలుగేళ్లు తూకాలు చూసిన మనిషి, ఊహ మీద మాట్లాడదు. యార్క్‌షైర్‌లో ఎల్లిబెక్ వాగు ఒడ్డున బతికినందుకు ఆ కుటుంబానికి మొదట వాగు పేరే వచ్చింది. 1794లో దక్షిణాది నుంచి వచ్చిన పాస్టరు, ఇక్కడి జనం హకారం మింగేస్తారని విని, బాప్తిస్మం పుస్తకంలో ఆ ఇంటి పిల్లవాడి పేరుకు లేని హకారం తగిలించాడు. హెల్లిబెక్‌లందరూ ఆ ఒక్కడి సంతానమే. కూతుళ్లు పెళ్లిళ్లతో పేరు మార్చుకున్నారు, కొడుకులు రెండు యుద్ధాల్లో పోయారు.

"టెలిఫోన్ పుస్తకాలన్నీ గాలించాను. మీరెక్కడా లేరు," అంది ఆమె.

"ఫోను లేనివాళ్లు మనుషులు కారా ఏంటండీ? మీ పేరు కనబడింది కాబట్టి హల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చాను."

హల్. థర్జా తండ్రి ఎఫ్రయిమ్ ఉన్ని బేరానికి నెలనెలా వెళ్లి, రెండు రాత్రులుండి వచ్చిన ఊరు.

ఆమె అతన్ని ముందుగదిలోకి కాక వంటింట్లోకి తీసుకెళ్లింది. టీ ఇచ్చింది గాని బిస్కెట్ల డబ్బా మూత తీయలేదు.

"మీ ఇంట్లో ఈ పేరు ఎలా పలికేవారు?"

"ఎల్లిబెక్ అనే. హెచ్ పలికితే నాన్న కసిరేవాడు. 'అది పాస్టరుగారిదిరా, మనది కాదు' అని."

థర్జా అదే మాట, అదే కసురు, ఇదే వంటింట్లో తన తండ్రి నోట విన్నది. నేర్చుకొని వచ్చాడా? ఎవరి దగ్గర?

తల్లి ఆల్మా ఏళ్ల తరబడి మంచం పట్టి 1938 జనవరిలో పోయింది. "మీ అమ్మ తప్ప నాకెవరూ లేరే" అన్న తండ్రి మాట నమ్మి, థర్జా వచ్చిన ఒక్క సంబంధమూ కాదని, ఆయన పోయేదాకా వండిపెట్టింది. ఇతను నాన్న కొడుకే అయినా, అమ్మ పోయాక పుట్టినవాడైతే అది విధురుడి ఒంటరితనం, క్షమించవచ్చు. అంటే నలభై ఎనిమిదికి మించకూడదు. రేవులో పనిచేసి ఉప్పుగాలికి కమిలిన ఆ ముఖం వయసు చెప్పడం లేదు.

"అక్కా అనొచ్చా?"

"అంత తొందరేం లేదు. కాగితమేదైనా తెచ్చారా?"

"నమ్మరని తెలుసులెండి," అంటూ అతను నవ్వి, జనన ధ్రువపత్రం తీసి బల్ల మీద పరిచాడు.

పుట్టిన తేదీ మొదటి గడిలో ఉంటుందని ఆమెకు తెలుసు. నాలుగో గడి నుంచి మొదలుపెట్టింది. తండ్రి: ఎఫ్రయిమ్ హెల్లిబెక్. వృత్తి: ఉన్ని వర్తకుడు. తల్లి పేరు ఎన్నడూ విననిది. కళ్లజోడు తుడుచుకుంది. ఇక మిగిలింది ఆ మొదటి గడే.

1931.