అత్తగారి బండికి ఆఖరి సైజు

మా బావ కుట్టిన చొక్కా వేసుకున్నవాళ్లు గాలి గట్టిగా వీచే రోజున బయటికి రాకపోవడమే మంచిది. ఆయన దర్జీ. చెయ్యి మంచిది, కుట్టు ముత్యాల వరసలా ఉంటుంది, గుండీ ఊడిందన్న ఫిర్యాదు ఇంతవరకు రాలేదు. కానీ ఏం కుట్టినా వదులే. పొట్ట మీద వదులు, భుజాల దగ్గర వదులు. లోపల మడిచి వదిలిన బట్ట విప్పితే ఇంకో చంటిపిల్లాడికి చొక్కా అవుతుంది. ఎవరైనా అడిగితే ఆయన దగ్గర ఒకటే మాట ఉంటుంది. "వదులుది బిగించొచ్చు. బిగుతుది వదులు చెయ్యలేం గదా." ఈ ఒక్క ముక్క మీదే ఆయన సంసారం, వ్యాపారం అన్నీ నడుస్తున్నాయి.

పెళ్లయిన కొత్తలో అత్తగారిని మెప్పిద్దామని మా అమ్మకు డ్యూటీ కోటు కుట్టాడు. అమ్మ నర్సు. ఆసుపత్రిలో కూర్చునే నర్సు కాదు, మోటారు సైకిలేసుకుని ఊళ్లు తిరిగి పిల్లలకు సూదులు వేసే నర్సు. కోటు తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, "బాగా కలిసొచ్చింది అల్లుడూ. ఇందులో నాతో పాటు పేషెంటు కూడా పడతాడు" అంది. ఆ తర్వాత తన కోట్లన్నీ బజారు అవతలి చివర ఉన్న ఇంకో దర్జీ దగ్గరే కుట్టించుకుంది. దర్జీ అల్లుణ్ణి ఇంట్లో పెట్టుకుని అత్తగారు పరాయి దర్జీకి కొలతలివ్వడమంటే, వంటవాడి పెళ్లాం రోజూ హోటల్లో తిన్నట్టే. బజారంతా నవ్వింది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

అప్పటి నుంచి బావకు ఒకటే కోరిక. అత్తగారి నోటి నుంచి ఒక్క మంచి మాట వినాలి. మా అమ్మ సంగతి తెలిసినవాళ్లు ఎవరూ అలాంటి ఆశలు పెట్టుకోరు. అమృతం తెచ్చిచ్చినా "ఊఁ" అని, గ్లాసు కడిగి తెచ్చావా అని అడిగే మనిషి ఆవిడ. అక్కా బావా నేనూ అమ్మా ఒకే ఇంట్లో ఉంటాం. నేను మందుల షాపులో పనిచేస్తాను. పెళ్లి చేసుకోలేదు కానీ నోరు మాత్రం నలుగురికి సరిపడా ఉంది. ఆ నోటితో బావకు ఎన్నోసార్లు చెప్పాను. "బావా, రాయిని పిండి నూనె తీద్దామని చూస్తున్నావు. నీకెందుకీ శ్రమ?" ఆయన నవ్వి సూదిలో దారం ఎక్కించుకునేవాడు.

ఇక బండి సంగతి. అమ్మ ఉద్యోగం చేసినన్నాళ్లూ అదే బండి. మీటరులో అంకెలన్నీ చివరిదాకా తిరిగి, మళ్లీ సున్నాలు పడి, రెండోసారి కూడా చాలా దూరం వచ్చాయి. మనుషులకు రెండో బాల్యం వచ్చినట్టు దానికీ వచ్చింది, అదే తరహాలో మొరాయింపులూ మొదలయ్యాయి. స్టార్టు చేస్తే వీధంతా దోమల మందు కొట్టినంత పొగ వచ్చేది. "ఇంజను బోరుకొచ్చిందమ్మా" అన్నాడు మెకానిక్కు. లోపల అరిగిపోయిందని దాని అర్థం. అమ్మ రిటైరైంది, బండి వసారాలో గోనెసంచి కప్పుకుని ఏళ్లపాటు కూర్చుంది.

ఒకరోజు పాత ఇనుము కొనేవాడు వచ్చాడు. పిలిచింది అమ్మే. "తీసుకుపో. అడ్డం" అంది. వాడు వెనక నుంచి తోస్తున్నాడు, బండి కదలడం లేదు. చూస్తే అమ్మ హ్యాండిలు పట్టుకుని నిలబడి ఉంది. తను పట్టుకున్నట్టు తనకే తెలిసినట్టు లేదు. వాడు మర్యాదగా ఆగాడు. మేమందరం ఎటో చూశాం.

బావ ముందుగదిలో కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చాడు. "అత్తయ్యా, ఇవ్వకండి. నేను బాగుచేస్తాను."

"నువ్వా? దీనికి కోటు కుడతావా?"

"మళ్లీ మీరే నడిపేటట్టు చేస్తాను."

అమ్మ హ్యాండిలు వదిలేసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. అమ్మ భాషలో అది అనుమతి.

మర్నాటి నుంచి మా ముందుగది వర్క్‌షాపయింది. ఇల్లు పీకి పందిరి వేయడమంటే ఏమిటో అక్కకు ఆ నెలల్లో బాగా అర్థమైంది. కత్తిరింపు బల్ల మీద ఇంజను, కిటికీలో సైలెన్సరు, కుట్టుమిషను పక్కన పెట్రోలు ట్యాంకు. అయితే బావ పని చేసే పద్ధతి మాత్రం చూసి తీరాలి. మెకానిక్కులు విప్పిన సామాను డబ్బాల్లో పోస్తారు. ఈయన పాత దుప్పటి ఒకటి పరిచి, దాని మీద సుద్దముక్కతో బండి బొమ్మ గీశాడు. విప్పిన ప్రతి బోల్టునూ ఏ చోటిది ఆ చోట పెట్టి, ఊడిపోకుండా తెల్లదారంతో దుప్పటికి టాకాలు వేశాడు. క్లచ్చు స్ప్రింగులు వరసగా, వాషర్లు దండగా, చైను పాములాగా. తర్వాత ఆ దుప్పటిని గోడకు తగిలించాడు. మా ఇంటికి వచ్చినవాళ్లు కాసేపు దాన్ని చూసి, తర్వాత మమ్మల్ని చూసేవాళ్లు.

"ఏమండీ, అది నేను కప్పుకునే దుప్పటి" అనేది అక్క.

"బండి అయ్యాక ఇచ్చేస్తాగా."

"దానికి బోరో ఏమో గానీ, ముందు నాకు బోరు కొడుతోంది."

నిజం చెప్పాలంటే కొన్ని పనులు అద్భుతంగా చేశాడు. ఇంజను భాగాల మధ్య వేసే గాస్కెట్లు కత్తిరించాలంటే మెకానిక్కులు సుత్తితో తంటాలు పడతారు. బావ గాస్కెట్ కాగితం పరిచి, అంచు గీసి, కత్తెరతో కాలరు కత్తిరించినంత తేలిగ్గా కోసేశాడు. సీటు కవరు కుట్టిన రోజు నేనే పొగిడాను. అమ్మ మాత్రం రోజుకోసారి గుమ్మంలోకి వచ్చి, గోడ మీది దుప్పటిని పై నుంచి కింద దాకా చదివి, "ఊఁ" అని వెళ్లిపోయేది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూ ఊరుకునేదాన్ని.

ఇక మిగిలిన అసలు పని బోరే. సిలిండరు లోపలి గోడ అరిగిపోతే, లేత్ మిషను మీద దాన్ని కొంచెం చెక్కి, చెక్కినంత పెద్ద పిస్టన్ వేస్తారు. ఆ పని బావకు రాదు కాబట్టి సిలిండరును ఉతికిన గుడ్డలో చుట్టుకుని లేత్ షాపుకి వెళ్లాడు. మా షాపుకి సెలవు, తోడుగా నేనూ వెళ్లాను. లేత్ ఆయన పొట్టిగా, నూనె మరకలతో, ఎప్పుడూ నవ్వు మొహంతో ఉంటాడు. పక్కన మిషను మోత. సిలిండరు లోపల వేలు తిప్పి చూసి అడిగాడు.

"ఇదివరకు ఒకసారి చేశారు దీనికి. ఇప్పుడు రెండో సైజు చాలు. వేసెయ్యనా?"

"ఇంకా ఏ సైజులున్నాయి?" అన్నాడు బావ.

"మూడు, నాలుగు. నాలుగు పెద్దది."

బావ మొహంలో వెలుగొచ్చింది. సైజులనగానే ఆయన సొంతిల్లు చేరినట్టు. "నాలుగే వెయ్యండి."

"నిజంగానే?"

"వేసెయ్యండి. తర్వాత కావాలంటే కుదించుకోవచ్చు."

లేత్ ఆయన పగలబడి నవ్వాడు. బావ వేళాకోళం చేస్తున్నాడనుకున్నాడు పాపం. లోపల గీతలు ఎక్కువగా ఉన్నాయి, తెలిసే అడుగుతున్నారు కాబోలని చెక్కేశాడు. నేనూ నవ్వాను. ఎందుకో నాకూ తెలియదు.

తర్వాత దుప్పటి మీది టాకాలు ఒక్కొక్కటే విప్పుతూ బావ బండిని బిగించాడు. చివర్లో ఒక్క వాషరైనా మిగలలేదు. వసారాలో నిలబెట్టి కిక్కు కొట్టాడు. లేదు. మళ్లీ కొట్టాడు. లేదు. చెమటలు పట్టాయి, తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఒక దగ్గు దగ్గి, ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు అందుకుంది. పొగ లేదు. టక్ టక్‌మని నిదానంగా, చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చేసరికి వీధి మలుపులో వినిపించే చప్పుడు. నేను తెలియకుండానే వీధి మలుపు వైపు చూశాను. అక్కైతే దుప్పటి సంగతి కూడా మర్చిపోయింది.

తన పని ఎలా కుదిరిందో చూద్దామని లేత్ ఆయన కూడా వచ్చాడు. ఇంజను దగ్గర చెవి పెట్టి విన్నాడు. "బ్రహ్మాండం. ఇక ఇది అరిగిందంటే మాత్రం గోడకి మేకు కొట్టి తగిలించుకోవడమే" అన్నాడు.

బావ నవ్వు సగంలో ఆగింది. "అదేంటి? అప్పుడు బిగించొచ్చుగా."

"ఎలా బిగిస్తారు? చెక్కిన ఇనుము మళ్లీ అతుక్కుంటుందా? చిన్నది పెద్దది చెయ్యగలం గానీ, పెద్దది చిన్నది కాదు. మీరు ఆఖరి సైజు కావాలన్నారుగా. గోడ పలచబడిపోయింది, లోపల స్లీవు గొట్టం దించినా నిలవదు."

"స్లీవంటే నేను కుడతాను" అన్నాడు బావ దింపుడు కళ్లం ఆశతో.

లేత్ ఆయన ఈసారి నవ్వలేదు. బావ అరుగు మీద కూలబడ్డాడు. వదులు వదిలితే ముందు ముందు పనికొస్తుందని బతికిన మనిషి, అత్తగారి బండికి ముందున్న వదులంతా ఒక్క కోతలో కోసేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

లోపల అమ్మ హెల్మెట్ దులుపుతున్న చప్పుడు వినిపించింది. అక్క గబగబా వచ్చి, "ఇప్పుడేం చెప్పకండి. బండి నడుస్తోంది గదా, కిమ్మనకుండా ఉండండి. ఇన్నాళ్లకి ఒక మంచి మాట అనబోతోంది" అంది. నేనూ అదే అన్నాను. మందుల షాపులో సగం సంగతులు చెప్పకుండానే అమ్ముతాం మరి.

అమ్మ వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. సీటు మీద అరచేత్తో రాసింది. ట్యాంకు మూత తెరిచి మూసింది. నోరు తెరవబోయింది. బావ లేచి నిలబడ్డాడు.

"అత్తయ్యా, ఒక తప్పు జరిగింది" అని మొదలుపెట్టి, మొత్తం చెప్పేశాడు. సైజులు, కోత, కుదించుకోవచ్చు అనుకోవడం, ఏదీ దాచలేదు. "ఇక దీనికి ఇదే ఆఖరు. మళ్లీ బాగుచేయడం కుదరదు. మీ బండిని నేనే పాడుచేశాను."

నేను నేల చూపులు చూశాను. అమ్మ లేత్ ఆయన వైపు తిరిగింది.

"ఎన్నాళ్లు నడుస్తుంది?"

"నూనె సరిగ్గా మారుస్తూ, పరుగులు పెట్టించకుండా నడిపితే పది పన్నెండేళ్లకు ఢోకా లేదమ్మా."

"నాకు అరవై ఎనిమిది" అంది అమ్మ. వేళ్లు మడిచి మనసులో ఏదో కూడుకుంది. హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకుని, బండెక్కింది. ఒక్క కిక్కుకే అందుకుంది. అప్పుడు బావ వైపు చూసి, ఇంజను చప్పుడు మీద వినపడేలా గట్టిగా అంది.

"ఇన్నాళ్లకి నా కొలత సరిగ్గా తీశావు అల్లుడూ."

గేరు వేసి వెళ్లిపోయింది. మొదట్లో మెల్లగా నడపాలని లేత్ ఆయన వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు. అక్క కొంగు కళ్లకు అద్దుకుంది. నాకు మాత్రం కుళ్లొచ్చింది. కడుపున పుట్టినదాన్ని, నన్ను ఒక్కసారి కూడా అంత మాట అనలేదు.

బండి మలుపు తిరిగేదాకా చూసి, బావ లోపలికి వెళ్లి, మిషను ముందు కూర్చుని కుట్టడం మొదలుపెట్టాడు. నేను వెళ్లి చూస్తే కాళ్లు తొక్కుతున్నాయి, చక్రం తిరుగుతోంది, సూదిలో దారం లేదు, కింద బట్టా లేదు.