బాక్యం కాదు, వాక్యం

ప్రతి ఏప్రిల్‌లోనూ మా ప్రిన్సిపాల్ సిస్టర్ హైస్కూలు పిల్లలందరి చేతా ఒక్కో లక్ష్యం చెప్పిస్తారు. ఆవిడ దాన్ని లెర్నింగ్ గోల్ అంటారు. స్టాఫ్ రూంలో ఉన్న తెలుగువాళ్లం మాత్రం గోల అనే అంటాం.

నేను తొమ్మిదో తరగతి క్లాస్ టీచర్ని, చెప్పేది లెక్కలు. సిలబస్సే ప్రాణం తీస్తుంటే మధ్యలో ఈ గోలేమిటని మొదట్లో నాకు ఒళ్లు మండింది. సిస్టర్ పెట్టిన షరతులు విన్నాక నోరు మూసుకున్నాను. మార్కుల పేరెత్తకూడదు. 'బాగా చదువుకుంటాను' లాంటి మాటలు చెల్లవు. ఏం చేయగలుగుతావో చెప్పాలి, చేశావని ఒప్పుకోవాల్సిన మనిషెవరో కూడా చెప్పాలి. ఆ మనిషి టీచరే కానక్కర్లేదు. ఇంత తెలివైన మాట నాకు బీఎడ్‌లో కూడా ఎవరూ చెప్పలేదు.

పోయినేడు నా క్లాసులో ట్రాఫిక్ అనే రైల్వే కాలనీ నుంచి సైకిల్ మీద వచ్చే తెలుగమ్మాయి ఒకర్తె ఉండేది. తన వంతు రాగానే లేచి, క్రిస్మస్ లోపల మా మామ్మకి తెలుగులో వాక్యం చదివి వినిపిస్తాను, ఒప్పుకోవాల్సింది మామ్మే, అని చెప్పి కూర్చుంది. వాక్యం అంటే మా క్రైస్తవుల ఇళ్లల్లో సాయంత్రం ప్రార్థనప్పుడు చదివే లేఖన భాగం. మిగతా పిల్లలు కోడింగ్ అనీ, గిటార్ అనీ, ఫ్రెంచ్ అనీ చెబుతుంటే ఇదేమిటా అని క్లాసయ్యాక పిలిచి అడిగాను.

"మామ్మకి సూపు పోతంది టీచర్. డాక్టరు ఇంక రాదనేసినాడు. ఇంట్లో ఇంకెవులకీ తెలుగు సదవడం రాదు. మామ్మ ఆపేస్తే మా ఇంట్లో వాక్యం ఆగిపోద్ది."

తండ్రి రైల్వే వర్క్‌షాప్‌లో పని చేస్తాడు, చదివింది హిందీ మీడియం. తల్లిది బెంగాలీ మీడియం. ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే గానీ అక్షరాలు మాత్రం మామ్మ ఒక్కదాని దగ్గరే ఉన్నాయి. బెంగాల్‌లో ఉన్న మా రైల్వే ఊళ్లో సగం తెలుగిళ్ల కథ ఇంతే. శనివారాలు వస్తే నేను నేర్పుతానన్నాను. "వద్దు టీచర్, నా దగ్గిర ఉపాయం ఉంది" అని నవ్వి వెళ్లిపోయింది.

దసరాకిచ్చే పూజా సెలవులు అయ్యాక, తయారయ్యాను రమ్మని పిలిచింది. వాళ్ల క్వార్టర్‌కి వెళ్లాను. వరండాలో కుర్చీలో మామ్మ, అప్పటికే చూపు పూర్తిగా పోయింది. డ్యూటీ దిగి వచ్చిన తండ్రి, టీ తెచ్చిన తల్లి, నేను. పిల్ల చేతిలో ఫోన్ పట్టుకుని గడగడా చదివేసింది. నేను మెచ్చుకోబోతుండగా మామ్మ చెయ్యెత్తింది.

"ఆపవే. పబిత్రమేటి? సేబకుడేటి? ఏటి సదవతన్నావే నువ్వు?"

ఫోన్ తీసి చూశాను. అదీ ఉపాయం. తెలుగు వాక్యాన్ని ఫోన్‌లో బెంగాలీ అక్షరాల్లోకి మార్చుకుని, స్కూల్లో నేర్చిన బెంగాలీతో చదివింది. బెంగాలీలో 'వ'కి వేరే అక్షరం లేదు, 'బ'తోనే సరిపెట్టుకుంటారు. ఇంట్లో వాడే మాటలు సరిగ్గానే పలికింది గానీ, పుస్తకంలో తప్ప వినబడని మాటలన్నీ 'బ' పెట్టుకుని వచ్చాయి.

"ఇది వాక్యం కాదే అమ్మా, బాక్యం" అంది మామ్మ. అందరం నవ్వాం, పిల్ల తప్ప.

మర్నాడు సిస్టర్ దగ్గర నేనే వకాల్తా పుచ్చుకున్నాను. ఏ లిపి అయితేనేం, చదివింది కదా, పాపం చిన్నపిల్ల, అన్నాను. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగారు, మామ్మ ఒప్పుకుందా అని. లేదన్నాను. "అయితే డిసెంబర్ ఇంకా రాలేదుగా" అన్నారు హిందీలో. ఆవిడ మీద నాకు కోపమూ గౌరవమూ ఒకేసారి వచ్చాయి. గౌరవమే నిలిచింది.

పిల్ల మొదటి నుంచీ మొదలుపెట్టింది, నా దగ్గర కాదు, కనపడని మామ్మ దగ్గరే. పెద్దక్షరాల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కనిపించిన ఆకారం చెప్పేది. మామ్మ అక్షరం చెప్పేది.

"మామ్మా, ఇది వ లాగుంది గానీ పక్కన తోకుంది."

"తోకుంటే మ."

"అన్నిటి మీదా రైట్ మార్కులు ఏసేసినారేటి?"

"అది తలకట్టే. నీకు మార్కులు ఏసీది నాను, ఆళ్లు కాదు."

అటుగా వెళ్లినప్పుడల్లా ఏదో వంక పెట్టుకుని వాళ్ల వరండాలో ఆగేదాన్ని. బోర్డు మీద రాసి, చేతి మీద కొట్టి నేర్పిన చదువు మాది. చూపు లేని మనిషికి అక్షరం అర్థమయ్యేలా చెప్పాలంటే ఆ పిల్ల ఎంత జాగ్రత్తగా చూడాలో! అంత శ్రద్ధ నా జ్యామెట్రీ క్లాసులో నాకెన్నడూ దొరకలేదు.

క్రిస్మస్ వారంలో మళ్లీ పిలిచింది. వరండాకి కాగితం నక్షత్రం కట్టారు. ఈసారి ఫోన్ లేదు, పుస్తకమే. చదువు నత్తనడక నడిచింది. ఒక్కో మాట దగ్గర ఆగి, లోపల కూడబలుక్కుని, పైకి అనేది. తండ్రి మోకాళ్ల మీద చేతులు నలుపుకుంటున్నాడు. ఒక పెద్ద మాట దగ్గర పూర్తిగా ఆగిపోయింది. ఆ మాట మామ్మకి కంఠతా వచ్చు, పెదవులు కదిలాయి కూడా, కానీ బిగబట్టుకుంది. నాకూ తెలుసు. నాలుక కరుచుకుని కూర్చున్నాను. పిల్ల వేలు పెట్టి ఒక్కో అక్షరం దాటి, తనే ఆ మాట బయటికి లాగింది. అక్కడ నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

చివరి మాట అయ్యాక పిల్ల తలెత్తింది. "మామ్మా, అయిపోనాది. ఒప్పుకున్నావా?"

 మామ్మ చేత్తో తడిమి, కుర్చీని పిల్ల వైపు జరుపుకుంది.

"రేపటిది ఎక్కడుందో ఇప్పుడే సూసి ఎట్టుకో. మళ్లీ ఎతుక్కుంటూ కూకోకు."