‘ఆయ్తవ్వా’ అన్న గొంతు

మా ఎదురింటి పెద్దమ్మ మొన్న జహీరాబాద్‌లో కన్నుమూసింది. ఆమెను తలుచుకుంటే నాకు దుఃఖం కన్నా ముందు ఆశ్చర్యమే కలుగుతుంది. ఆ బక్క మనిషిలో అంత ధైర్యం ఎక్కడుండేదో!

ఎనభైల మొదట్లో మా గల్లీ మొత్తానికి ఫోన్ వాళ్లింట్లోనే ఉండేది. పెదనాన్నది పప్పుల వ్యాపారం. పెద్దమ్మ పుట్టిల్లు బీదర్ వైపు. ఎవరు ఫోన్ చేసినా ముందు కన్నడంలో “ఊట ఆయ్తా?” అనేది, భోజనమైందా అని. నిమిషానికింత అని డబ్బులు పడే ట్రంకాల్‌లో కూడా అదే వరస. పెదనాన్న తల పట్టుకునేవాడు.

“తిన్నడో లేదో తెల్వకుండ ఏం మాట్లాడుతం?” అనేది.

నేను డిగ్రీలో చేరిన ఏడాది, కాలేజీ నుంచి అని చెప్పి ఒకడు నాకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ కోడలు ఎత్తి నన్ను పిలిచేది. వాడు గొంతు మార్చి, పుస్తకం చదివినట్టు మాట్లాడేవాడు. ఆ రోజు నేను ఏ రంగు ఓణీ వేసుకున్నానో, ఏ దారిన వచ్చానో చెప్పి నవ్వేవాడు. బజారులో ప్రతి మగవాడూ వాడేనేమో అనిపించేది. అన్నం సయించేది కాదు. సంగతి నాన్నకు తెలిసింది.

“రేపటి సంది కాలేజీ బంద్,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఫోన్ మోగితే పెద్దమ్మే ఎత్తింది. వాణ్ని కడిగేద్దామనే ఎత్తిందట. తీరా అలవాటు కొద్దీ నోట్లోంచి “ఊట ఆయ్తా?” అనే వచ్చింది. వాడూ అలవాటు కొద్దీ “ఆయ్తవ్వా”, అయిందవ్వా, అనేసి ఠక్కున పెట్టేశాడు. ఊరంతా ఆమెను పెద్దమ్మా అనే పిలిచేది. అవ్వా అనేవాడు ఒక్కడే, కన్నడ సరిహద్దున న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చిన బట్టల దుకాణం గుమాస్తా.

“చెప్పులేస్కో, పోదాం,” అంది మా ఇంటికొచ్చి.

“నేనెందుకు పెద్దమ్మా? సిగ్గయితది.”

“సిగ్గు వానిది. నువ్వెందుకు మోస్తవ్?”

దుకాణం నిండా గిరాకీ. పెద్దమ్మ గొంతు పెంచలేదు. “పిల్ల వచ్చింది. ఫోన్ల చెప్పేది గీడ చెప్పు. అందరం వింటం,” అంది. వాడు తల ఎత్తలేదు. సేటు గద్దిస్తే ఒప్పుకున్నాడు.

నాన్నను ఆమె ఎట్లా ఒప్పించిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను. ఇవాళ ఆడపిల్లలు ఏడుస్తూ సెల్‌ఫోన్లో ఎవడో పంపిన రోత చూపిస్తే, ‘సిగ్గు వానిది’ అన్న ఆమె మాటే చెప్తాను.

కానీ ఆమె అనగానే నాకు కనబడేది ఆ రోజు మేం తిరిగివచ్చిన దారి. నేను తల వంచుకొని దుకాణాల అంచున నడుస్తున్నాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టి రోడ్డు నడుమకు లాగింది. వెనక బొంబాయి లారీ ఒకటి హారన్ మీద హారన్ కొట్టింది. ఆమె తిరిగి చూడలేదు. కాసేపటికి హారన్ ఆగింది. లారీ మా వెనకాలే మెల్లగా నడిచింది.